బోర్డు లేని హోటలు, గుమ్మం దగ్గరి పెద్దాయన

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి నడిచి వెళ్లేంత దూరంలో, ఒక ఇరుకు సందు చివర బోర్డు లేని టిఫిన్ హోటలు ఒకటి ఉంది. గత రెండు నెలల్లో అక్కడ ఆరుసార్లు తిన్నాను. ఒకసారి మా అత్తగారి తరఫు బంధువులు పదకొండు మందిని వెంటబెట్టుకుని వెళ్లాను కాబట్టి, ఆ హోటలు ఓర్పును కూడా పరీక్షించినట్టే. తిండి గురించి తర్వాత చెబుతాను. ముందుగా చెప్పవలసింది గుమ్మం దగ్గర నిలబడే మనిషి గురించి.

ఆయనకు అరవై దాటి ఉంటాయి. ఖాకీ చొక్కా, భుజాన తువ్వాలు, చెవి వెనక పెన్సిలు. ఆ పెన్సిలుతో ఆయన ఏదైనా రాయగా నేను ఇంతవరకు చూడలేదు. ఊళ్లో ఒక సినిమా హాలు గేటులో ఇరవై ఏళ్లకు పైగా టికెట్లు చింపిన మనిషి కావడంతో, సందులో ముప్పై మంది నిలబడి ఉన్నా ఎవరు ముందు వచ్చారో, ఎవరు మధ్యలో దూరారో ఆయనకు ముఖాలను బట్టే తెలిసిపోతుంది. కొండ దిగి, గుండ్లతో, చంటిపిల్లలతో వచ్చిన ఒక కుటుంబం ఆకలితో గొడవకు దిగబోతే, "సామీ, రెండు నిముషాలు. లోపల ఆకులెత్తతా ఉండారు. పాపకు ముందు ఇడ్లీ పంపిస్తా, ఈ మెట్టు మీద కూర్చోండి" అన్నాడు. ఇడ్లీ నిజంగానే వచ్చింది. గొడవ ఆగిపోయింది.

ద్వారపాలకుల సంగతి తిరుపతి వాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. బంగారు వాకిలికి ఇరువైపులా నిలిచిన జయవిజయులను చిన్నప్పటి నుంచి చూస్తూ పెరిగాం. సనకసనందనాదులను ఎవరో ఏమిటో పోల్చుకోకుండా అడ్డగించి శాపం తిన్న కథ కూడా మనకు తెలిసిందే. అయితే ఈ పెద్దాయనను చూసినప్పుడు నాకు గుర్తుకొచ్చింది కొండ కాదు, ఇంగ్లండు ఉత్తరాన ఉన్న మాంచెస్టర్ నగరం.

అక్కడ చదువుకుంటున్న రోజుల్లో, కర్రీ మైల్ అని పిలిచే విల్మ్‌స్లో రోడ్డులోని ఒక హోటల్లో శని, ఆదివారాల రాత్రులు పనిచేశాను. తెల్లవారుజామున నైట్‌క్లబ్బులు మూసేశాక, వాటి గుమ్మాల దగ్గర కాపలా కాసే బౌన్సర్లు నల్లకోట్లతో, భుజానికి కట్టిన లైసెన్సు కార్డులతో వచ్చి నిశ్శబ్దంగా అన్నం తినేవారు. ఆ లైసెన్సు 2001లో వచ్చిన చట్టం ఫలితం: శిక్షణ పూర్తి చేసి, పోలీసు రికార్డు చూపించి తీసుకోవాలి, మూడేళ్లకొకసారి కొత్తది చేయించుకోవాలి. వాళ్లలో ఒక పాతకాపు మాత్రం చట్టానికి ముందరి రోజుల గురించే మాట్లాడేవాడు. విట్‌వర్త్ స్ట్రీట్ వెస్ట్‌లో పడవలు అమ్మే షోరూముగా ఉన్న భవనంలో 1982లో హసియెండా అనే క్లబ్బు తెరిచారు. ఫ్యాక్టరీ రికార్డ్స్ అనే మ్యూజిక్ సంస్థా, న్యూ ఆర్డర్ అనే సంగీత బృందమూ దానికి డబ్బు పెట్టాయి. ముఠాల బెదిరింపులు గుమ్మం దాకా రావడంతో 1991 మొదట్లో కొన్ని నెలలు దాన్ని మూసేశారు, 1997లో పూర్తిగా మూతపడింది. నేను వెళ్లేనాటికి ఆ చోట అదే పేరుతో అపార్టుమెంట్లు ఉన్నాయి. గుమ్మం దగ్గర నిలబడేవాడికి కండ కంటే జ్ఞాపకమే ఎక్కువ అవసరమనీ, ఎవడు ఎవడికి పగవాడో తెలియకపోతే ఆ రాత్రి గడవదనీ ఆ పాతకాపు అనేవాడు. మా పెద్దాయనకు పగల లెక్క అక్కర్లేదు, ఆకలి లెక్క తెలిస్తే చాలు.

ఆ నగరానికి తన సొంత వింత మనుషులు కూడా ఉండేవారు. కాగితపు గుజ్జుతో చేసిన పెద్ద గుండ్రటి తల తగిలించుకుని ఫ్రాంక్ సైడ్‌బాటమ్ అనే పేరుతో నవ్వించిన క్రిస్ సీవీ 2010లో చనిపోతే ఊరు ఊరంతా సొంత మనిషి పోయినట్టు మాట్లాడుకుంది. 2013లో మాంచెస్టర్ దగ్గరి టింపర్లీలో ఆ వేషానికే విగ్రహం పెట్టారు. జనం రకరకాల వేషాలు కట్టే తిరుపతి గంగమ్మ జాతర చూసిన మనకు ఇందులో ఆశ్చర్యం లేదు. ఈ హోటల్లో రోజూ మూలబల్ల దగ్గర కూర్చునే ఒకాయన ఆ జాతర వేషాల్లో ఒకటైన 'తోటి' వేషం కడతాడు. మిగతా ఏడాదంతా కూడా ఆయనను ఎవరూ పేరుతో పిలవరు, "ఏం తోటీ, దోసె ముందా, కాఫీ ముందా?" అనే అడుగుతారు.

ఇక తిండి. ఎర్రకారం దోసె ఇక్కడ బాగుంటుంది: వెల్లుల్లి కారం పలుచగా పూసి, మీద పప్పులపొడి చల్లి, అంచులు కరకరలాడేదాకా కాలుస్తారు. అలసంద వడలు వేడిమీద తింటేనే రుచి. రాగి సంగటికి ఇచ్చే చెనిక్కాయల ఊరిబిండి మా నాయనమ్మ చేసిన దానికి దగ్గరగా ఉంది. అంతకు మించిన పొగడ్త నాకు చేతకాదు. సాంబారు మాత్రం నీళ్లే. బల్లలు ఇరుకు, చేతులు కడిగే చోట వెలుతురు చాలదు.

నా అసలు ఫిర్యాదు వేరే. యజమాని కొడుకు గత నెలలో గుమ్మం దగ్గర టోకెన్ల మిషన్ పెట్టించి, పెద్దాయనను లోపలి బల్లలు తుడిపించే పనికి మార్చాడు. ఆ రోజు నా నంబరు 47. తెర మీద 47 కనబడేసరికి మా ఆవిడ ఒక బల్ల దగ్గర, పిల్లలిద్దరూ మరో బల్ల దగ్గర, నేను గోడ పక్కన నిలబడి తిన్నాం. చంటిబిడ్డతో వచ్చిన మనిషికీ, ఫోన్ చూసుకుంటూ వచ్చిన కుర్రవాడికీ ఆ మిషన్ ఒకే రకం చీటీ ఇస్తుంది. అదృష్టవశాత్తు రెండు వారాల్లోనే అది చెడిపోయింది, పెద్దాయన తిరిగి గుమ్మం దగ్గరికి వచ్చాడు. బాగు చేయించవద్దని యజమానితో అన్నాను, నవ్వి ఊరుకున్నాడు.

వెళ్లేవాళ్లు రాత్రి తొమ్మిదిన్నర లోపల వెళ్లండి, ఆ తర్వాత సంగటి దొరకదు. ఎంతమంది ఉన్నారో పెద్దాయనకు నిజం చెప్పండి. నలుగురమని చెప్పి ఆరుగురం లోపలికి పోయిన రోజున, మిగిలిన ఇద్దరినీ ఆయన మూలబల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఆ ఇద్దరిలో నేనొకణ్ణి. ఒక్క దోసె తినేలోగా తోటి వేషం ఎలా కట్టాలో మొదటి నుంచి చివరిదాకా విన్నాను.