దావోస్‌లో ముద్దపప్పు ఉడికించిన మూడు లీటర్ల కుక్కర్

గత అక్టోబరులో ఒకరోజు మా అమ్మాయి వీడియో కాల్ చేసి, పలకరింపు కూడా లేకుండా ఫోన్‌ను పొయ్యి మీదికి తిప్పింది. గిన్నెలో కందిపప్పు కుతకుతలాడుతోంది. "అమ్మా, గంటన్నర అయింది. ఇంకా పలుకుగానే ఉంది. బాబు బడి నుంచి వచ్చే టైమైంది" అంది. హైదరాబాద్‌లో మధ్యాహ్నం మూడు దాటింది, అక్కడ పన్నెండు కావస్తోంది. దాని గొంతులో ఏడుపు నాకు తెలుస్తూనే ఉంది. ఫోన్ పెట్టేసిన మరుక్షణం నుంచే కుక్కర్ వెతకడం మొదలుపెట్టాను.

వాళ్ళుండేది స్విట్జర్లాండ్‌లోని దావోస్‌లో. ఆ పేరు వినగానే మనకు జనవరిలో ముఖ్యమంత్రుల ప్రయాణాలు, పెట్టుబడుల ఒప్పందాలు గుర్తొస్తాయి. ఆ వారం రోజులు పక్కన పెడితే అది ఆల్ప్స్ కొండల నడుమ సుమారు 11,000 మంది ఉండే చిన్న ఊరు. పొడవాటి లోయ, ఊరికి ఆ చివర ఈ చివర రెండు రైల్వే స్టేషన్లు, వాటి మధ్య తిరిగే ఎర్ర రైలు. మా అల్లుడికి అక్కడ ఒక ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. ఆగస్టులో అద్దె ఇంట్లో దిగారు. ఇల్లు బాగుంది, కిటికీలోంచి కొండ కనిపిస్తుంది. వంటింట్లో మాత్రం ఇండక్షన్ పొయ్యి. అమ్మాయి ఇక్కడి నుంచి మోసుకెళ్ళిన అల్యూమినియం కుక్కర్ దాని మీద పెడితే వేడే ఎక్కదు. ఆన్‌లైన్‌లో ఒక ఇనప ప్లేటు తెప్పించి, దాన్ని మధ్యలో పెట్టి చూశారు. ప్లేటు కాలిపోతోంది తప్ప కుక్కర్‌కు కూత రావడం లేదు. అందుకే మామూలు గిన్నెలో పప్పు పెట్టి అలా అవస్థ పడుతోంది.

కందిపప్పు గంటన్నరైనా ఉడకకపోవడానికి కారణం ఆ ఊరి ఎత్తు. దావోస్ సముద్రమట్టానికి 1560 మీటర్ల ఎత్తున ఉంది. పైకి వెళ్ళేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి నీళ్ళు తక్కువ వేడికే మరిగిపోతాయి. 540 మీటర్ల ఎత్తున్న మన హైదరాబాద్‌లో సుమారు 98 డిగ్రీలకు మరిగే నీళ్ళు అక్కడ 95 దగ్గరే మరుగుతాయి. మంట ఎంత పెంచినా మూత లేని గిన్నెలో అంతకు మించి వేడెక్కవు. మూడు డిగ్రీలేగా అనిపిస్తుంది కానీ, పప్పు మెదపడానికి కూర్చుంటే ఆ మూడు డిగ్రీల విలువ తెలుస్తుంది. కుక్కర్‌లో అయితే ఆవిరి లోపలే బిగుసుకుని 115 డిగ్రీలు దాటుతుంది. అంటే ఆ ఊళ్ళో మన వంట తినాలంటే కుక్కర్ ఉండి తీరాలి.

అక్కడ కుక్కర్లు దొరకవా అంటే దొరుకుతాయి. ఆ దేశపు కూన్ రికోన్ కంపెనీ 1949 నుంచే డ్యూరోమాటిక్ అనే కుక్కర్ తయారుచేస్తోంది. దానికి వెయిట్ ఉండదు, కూత ఉండదు. మూత మీద చిన్న పుల్లలాంటిది పైకి లేస్తుంది, దాని మీద కనిపించే ఎర్ర గీతలను బట్టి ఒత్తిడి చూసుకోవాలి. డబ్బుకు ఇబ్బంది లేనివాళ్ళు అది కొనుక్కున్నా తప్పు లేదు. కానీ కొత్త కాపురంలా అన్నీ ఒక్కసారే అమర్చుకుంటున్న పిల్లలకు ఆ ధర భారమే. పైగా మా అమ్మాయి చేతికి అలవాటైంది మన కుక్కరే.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగి, అక్కడి నుంచి ఆటోలో బేగం బజార్ వెళ్ళాను. పర్సులో మా ఫ్రిజ్ మీది అయస్కాంతం బొమ్మ వేసుకుని మరీ వెళ్ళాను. ఇండక్షన్ మీద పనిచేసే గిన్నె అడుగుకు అయస్కాంతం గట్టిగా పట్టుకోవాలి, అది మాత్రం మా అల్లుడు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. మొదట చూసిన దుకాణంలో "ఇండక్షన్ కుక్కరే అమ్మా" అని చేతికిచ్చినదానికి బొమ్మ అతుక్కున్నట్టే అతుక్కుని జారిపోయింది. రెండో దుకాణంలో సేటు నా చేతిలో బొమ్మ చూసి, తనే ఒక కుక్కర్ బోర్లించి, "పెట్టండమ్మా, పెట్టి చూడండి" అన్నాడు. టక్కున పట్టుకుంది. పీకితే గానీ రాలేదు.

అదే తీసుకున్నాను. మూడు పొరల స్టీలు, మూడు లీటర్లు. బయట అయస్కాంతం పట్టే స్టీలు, మధ్యలో వేడిని అంతటా పరిచే అల్యూమినియం, లోపల వంట తగిలే స్టీలు. సేటు బేరానికి దిగిరాలేదు. రూ.2,900 తీసుకున్నాడు కానీ రెండు గాస్కెట్లు, ఒక సేఫ్టీ వాల్వ్ చేతిలో పెట్టి, "అక్కడ ఇవి దొరకవమ్మా, పెట్టుకోండి" అన్నాడు. ఆ మాట విలువ నాకు డిసెంబరులో తెలిసింది, ఆ సంగతి ముందుకెళ్ళాక చెబుతాను. ఐఎస్ఐ గుర్తు, దాని పైన ఐఎస్ 2347 అనే కుక్కర్ల ప్రమాణం నంబరు ఉన్నాయో లేదో చూసుకున్నాకే డబ్బులిచ్చాను. ఆవిరితో పని కదా, గుర్తు లేని కుక్కర్ నూరు రూపాయలకిచ్చినా వద్దు. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ రకం ఇప్పుడు పేరున్న కంపెనీలన్నీ చేస్తున్నాయి. అడుగు, గుర్తు, కొలత ఈ మూడూ చూసుకుంటే చాలు.

మూడు నెలల వీసా మీద నవంబరులో నేనే తీసుకెళ్ళాను. బరువు రెండున్నర కేజీలకు దగ్గర. ఉత్తగా తీసుకెళ్ళడం ఎందుకని కుక్కర్ నిండా కందిపప్పు పోసి, గాస్కెట్లు దాని మీదే పెట్టి, మూత వేరుగా చీరలో చుట్టి చెక్-ఇన్ సూట్‌కేసులో సర్దాను. నెయ్యి, పాలకోవా జోలికి పోలేదు. మన దేశం నుంచి పాలతో చేసినవి, మాంసంతో చేసినవి స్విట్జర్లాండ్‌లోకి రానివ్వరు. పచ్చి కరివేపాకుకూ అంతే, సర్టిఫికెట్ లేనిదే కుదరదు. నెయ్యి అక్కడి వెన్న కొని కాచుకున్నాం. ఆ వెన్న ఎంత కమ్మగా ఉందంటే, కాస్తుంటే ఇల్లంతా మా అమ్మమ్మ గారింటి వాసన వచ్చింది.

అక్కడి చిన్న పిల్లల సంగతి చెబితే గానీ ఈ కుక్కర్ ఏం చేసిందో అర్థం కాదు. మా మనవడికి అయిదేళ్ళు. కిండర్‌గార్టెన్‌కు పొద్దున వెళ్తాడు. కార్లవాళ్ళకు కనబడాలని మెడలో మెరిసే నారింజ రంగు పట్టీ వేస్తారు. కొన్నాళ్ళు అలవాటు చేశాక పిల్లలు పెద్దవాళ్ళు లేకుండా తామే నడిచి వెళ్తారు, మంచులో కూడా. మొదటి రోజు వాణ్ణి అలా పంపినప్పుడు కిటికీ దగ్గర నుంచుని మలుపు తిరిగేదాకా చూశాను. మధ్యాహ్నం బడిలో అన్నం పెట్టరు, ఇంటికి వచ్చేస్తారు. పన్నెండు కాకముందే గుమ్మంలో బూట్ల మంచు దులుపుతున్న చప్పుడు వినిపిస్తుంది. చేతులు ఎర్రగా, ముక్కు ఎర్రగా. ఆ క్షణానికి వేడి వేడి అన్నం సిద్ధంగా ఉండాలి. రొట్టె, చీజ్ పెడితే తింటాడు కానీ, "అమ్మమ్మా, పప్పన్నం లేదా?" అని అడుగుతాడు. ఆ మాట కోసమే ఇదంతా.

మొదటి రోజు హైదరాబాద్ లెక్కన మూడు కూతలకు దించాను. పప్పు ఉడికింది కానీ మెదగలేదు. వెయిట్ పెట్టే ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి అదనంగా కలిసేదే కాబట్టి, బయట తక్కువగా ఉంటే కుక్కర్ లోపలా ఆ మేరకు తగ్గుతుంది. నాలుగైదు రోజులు మార్చి మార్చి చూసి చివరికి కూతల లెక్కే మానేసి నిమిషాల లెక్కకు వచ్చాను. పప్పు అరగంట నానబెట్టాలి. నీళ్ళు, పసుపు, నాలుగు చుక్కల నూనె వేసి పొయ్యి అంకె 8 మీద పెట్టాలి. మొదటి కూత రాగానే 4కు తగ్గించి పన్నెండు నిమిషాలు ఉంచి ఆపేయాలి. ఆవిరి దానంతట అది దిగాలి. మూత తీసి గరిటె వెనక వైపుతో ఒక్కసారి నొక్కితే పప్పు వెన్నలా విడిపోయింది. ఆ రోజు మా అమ్మాయి పొయ్యి దగ్గరే నుంచుని చేత్తో తీసుకుని ఒక ముద్ద తింది. ఏం మాట్లాడలేదు. నేనూ ఏం అడగలేదు.

మంట తగ్గించడానికి ఇంకో కారణం కూడా ఉంది. అక్కడ రాత్రి పది తర్వాత, ఆదివారాల్లో చప్పుడు పనికిరాదు. కుక్కర్ కూత వాళ్ళెప్పుడూ విని ఉండరు. రెండో రోజే కింది ఇంటి పెద్దావిడ పైకి వచ్చి, ఏదైనా ప్రమాదమా అని కంగారుగా అడిగింది. ఆవిణ్ణి లోపలికి పిలిచి కుక్కర్ చూపించాం. టమాటా పప్పు ఒక గిన్నెలో పోసిచ్చాం. మర్నాడు గిన్నె కడిగి, అందులో నాలుగు యాపిల్ పళ్ళు పెట్టి తెచ్చింది. మంట 4కు తగ్గిస్తే ఒక్క కూత తప్ప మిగతాదంతా సన్నటి సుయ్యిమనే చప్పుడే. పెద్దావిడకూ బాధ లేదు, మాకూ టెన్షన్ లేదు.

ఇక డిసెంబరు సంగతి. మా అల్లుడు శనగలు పెట్టి, నీళ్ళు తక్కువ పోసి, పొయ్యి మీద ఉండే బూస్ట్ నొక్కి ఫోన్ మాట్లాడుతూ ఉండిపోయాడు. ఇండక్షన్ బూస్ట్ అంటే మామూలు మంట కాదు, నిమిషాల్లో నీళ్ళు ఇంకిపోయాయి. సేఫ్టీ వాల్వ్‌లోని మెత్తటి లోహం కరిగి ఆవిరంతా ఒక్కసారిగా బయటికి కొట్టింది. ఎవరికీ ఏమీ కాలేదు. వాల్వ్ పని అదే, అది చేయాల్సినది చేసింది. అడుగు నల్లబడింది. చింతపండు, ఉప్పు వేసి మరిగించి తోమితే చాలావరకు పోయింది, నీలం రంగు మచ్చ మాత్రం మిగిలిపోయింది. సేటు ఇచ్చిన వాల్వ్ ఆ రోజు ఇంట్లో లేకపోతే వారం పది రోజులు మళ్ళీ గిన్నెలో పప్పే. కాబట్టి ఈ కుక్కర్‌తో బూస్ట్ అస్సలు వాడకండి.

నచ్చనివీ ఉన్నాయి. పిడి స్క్రూ రెండు నెలలకే వదులైంది. స్క్రూడ్రైవర్‌తో బిగిస్తే సరిపోయింది కానీ, ఇంత ధర పెట్టాక అలా వదులవకూడదు. మూత ఒక్కోసారి మొదటిసారికే సరిగ్గా కూర్చోదు, మా అమ్మాయికి వారం పట్టింది చేయి తిరగడానికి. గ్యారంటీ కార్డు మీద భారతదేశంలోనే చెల్లుతుందని రాసి ఉంది, అంటే అక్కడేమైనా అయితే మన పాట్లు మనవే. ముగ్గురికి మూడు లీటర్లు సరిపోతుంది కానీ చుట్టాలొస్తే చాలదు. పప్పు పొంగుతుంది కాబట్టి సగానికి మించి నింపకూడదు, అది మర్చిపోకండి.

అన్నానికి ఎలక్ట్రిక్ కుక్కర్ ఉంది, నీళ్ళు అరగ్లాసు ఎక్కువ పోస్తే బాగానే వస్తోంది. ఇడ్లీ మాత్రం కుక్కర్ తప్పు కాదు, పిండే పులియదు. బయట రాత్రుళ్ళు మైనస్ 15 దాకా పడిపోతుంటే హీటర్ పక్కన టవల్ చుట్టి పెట్టినా ఒకటిన్నర రోజు పట్టింది.

సంక్రాంతికి ఇదే కుక్కర్‌లో చక్కెర పొంగలి చేశాను. కందిపప్పు, పెసరపప్పు జూరిచ్ వెళ్ళినప్పుడు శ్రీలంక తమిళుల దుకాణంలో కొన్నాం. ఊళ్ళో మైసూరు పప్పు దొరుకుతుంది కానీ దానితో ముద్దపప్పు రుచి రాదు. ఆ తర్వాతి వారం ఊరంతా పోలీసులు, హెలికాప్టర్లు. టీవీలో మన ముఖ్యమంత్రులు కనిపిస్తే మా మనవడు "మన ఊరు, మన ఊరు" అని గెంతాడు. వాడన్నది హైదరాబాదో దావోసో నేను అడగలేదు.

వచ్చే నెల అల్లుడు పని మీద ఇక్కడికి వస్తున్నాడు. మరో రెండు గాస్కెట్లు, రెండు సేఫ్టీ వాల్వులు కొని ఉంచాను. ఆ కుక్కర్ మోడల్ నంబరు కాగితం మీద రాసుకెళ్ళి మరీ కొన్నాను, ఎందుకంటే గాస్కెట్ అర సెంటీమీటరు తేడా వచ్చినా ఆవిరి ఆగదు. మీరూ కుక్కర్ కొన్న రోజే ఆ నంబరు ఫోటో తీసి పెట్టుకోండి.