యార్క్‌లో టైరు పోయిన రోజు: ఒకడు ముంచబోయాడు, ఒకాయన గట్టెక్కించాడు

ఈస్టర్ సెలవుల్లో ఇక్కడ బ్రిటన్‌లోని యార్క్ వెళ్లొచ్చాం. నేను, మా ఆయన, తొమ్మిదేళ్ల బాబు, ఇండియా నుంచి వచ్చిన అత్తయ్య, మామయ్య. మొదటి రోజు హాయిగా గడిచింది, మిన్‌స్టర్ (అక్కడి పెద్ద చర్చి) చూశాం, కోటగోడ మీద నడిచాం, గోడ వాలు నిండా పసుపు డాఫొడిల్స్ పూసి ఉన్నాయి. దాని గురించి అంతకంటే రాయను. నేను రాయాలనుకున్నది రెండో రోజు గురించి.

మామయ్య కాజీపేటలో లోకో పైలట్‌గా రిటైరయ్యారు. యార్క్ అనగానే ఆయన అడిగింది ఒక్కటే, నేషనల్ రైల్వే మ్యూజియం. పది గంటలకి తలుపులు తీసేసరికి అక్కడ ఉండాలని పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నారు. నేను సామాను పెడదామని కిందికి వెళ్లి చూస్తే ముందు ఎడమ టైరు పక్కన కోడిగుడ్డంత ఉబ్బు. ముందురోజు రాత్రి గెస్ట్‌హౌస్ వెనక సందులోకి తిప్పుతున్నప్పుడు పాత రాతి అంచుకి గట్టిగా తగిలింది, అదే కారణం.

ఉబ్బు వచ్చిందంటే లోపలి దారాలు తెగిపోయినట్టు. దానికి ప్యాచ్ లేదు, ఎక్కడైనా పేలొచ్చు. పైగా ఇక్కడ అలాంటి టైరుతో రోడ్డెక్కితే ఒక్కో టైరుకి 2,500 పౌండ్ల వరకు ఫైను, లైసెన్సు మీద 3 పాయింట్లు. మా కారులో స్టెప్నీ లేదు. సీలెంట్ డబ్బా, చిన్న గాలి పంపు మాత్రమే ఇచ్చారు, అవి మేకు దిగిన టైరుకి పనికొస్తాయి కానీ పక్క గోడ దెబ్బతింటే పనికిరావు. (స్టెప్నీ అంటే ఇక్కడ ఎవరికీ అర్థం కాదు, స్పేర్ వీల్ అనాలి. కానీ ఆ మాట పుట్టింది ఈ దేశంలోనే. వేల్స్‌లోని లనెత్లీ ఊళ్లో స్టెప్నీ స్ట్రీట్‌లో అదనపు చక్రాలు చేసిన కంపెనీ పేరు అది. ఇక్కడివాళ్లు మర్చిపోయారు, మనం పట్టుకున్నాం.)

సరే, ఇంటికే వచ్చి టైరు మార్చేవాళ్లు ఉంటారు కదా అని మా ఆయన ఫోన్లో వెతికి, పైన కనిపించిన మొదటి సైటులోనే బుక్ చేసేశారు. టైరు, బిగింపు, బ్యాలెన్సింగ్ అన్నీ కలిపి 89 పౌండ్లు, అందులో 30 ముందే కట్టాలి, 9 నుంచి 12 లోపు వస్తాం అన్నారు. పన్నెండు దాటింది, ఎవరూ రాలేదు. ఫోన్ చేస్తే ఎక్కడో కాల్ సెంటర్, "దారిలో ఉన్నాడు" అని ఒకటే మాట. మామయ్య ఏమీ అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ. ఆయన మెట్ల మీద కూర్చుని గంటకోసారి చేతి గడియారం చూసుకుంటున్నారు. అత్తయ్య మధ్యాహ్నానికని కట్టిన పులిహోర తీసి అక్కడే, ఆ వెనక సందులోనే అందరికీ పెట్టారు.

పన్నెండు నలభైకి వ్యాన్ వచ్చింది. మా టైరు సైజు 215/60 ఆర్17, బుకింగ్‌లో అదే రాశాం, అతను తెచ్చింది 215/55. "ఫర్వాలేదు, పట్టేస్తుంది" అన్నాడు. ఎలా పడుతుంది? ఆ రెండో అంకె వెడల్పులో పక్క గోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. 60 బదులు 55 వేస్తే చక్రం మొత్తం రెండు సెంటీమీటర్లకు పైగా తగ్గిపోతుంది, ఒకవైపు పెద్దది, ఒకవైపు చిన్నది. కుదరదంటే సరైనది డిపో నుంచి తేవాలి, మొత్తం 168 పౌండ్లు అవుతుంది అన్నాడు. అంతటితో ఆగలేదు, కుడివైపు టైరు కూడా అరిగిపోయింది, చట్టం ఒప్పుకోదు, రెండూ మార్చాలి అంటూ మామయ్యని చూసి భయపెట్టేలా మాట్లాడాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పర్సులోంచి 20 పెన్నీల నాణెం తీసి గాడిలో నిలబెట్టాను. నాణెం అంచు పట్టీ పూర్తిగా లోపల మునిగిపోతే టైరు బాగున్నట్టే, చట్టం అడిగేది 1.6 మిల్లీమీటర్లే. మునిగింది. చూపించి, దయచేసి వెళ్లిపొమ్మన్నాను. మా ఆయన గొడవెందుకు, ఇచ్చేద్దాం అన్నారు కానీ నేను వినలేదు. ఆ 30 పౌండ్లు తిరిగివ్వలేదు, కార్డు బ్యాంకులో ఫిర్యాదు పెట్టాం.

ఇదంతా కిటికీలోంచి చూస్తున్న గెస్ట్‌హౌస్ ఆవిడ కిందికి వచ్చి, నాకు తెలిసిన మనిషి ఉన్నాడు, అడగనా అన్నారు. అంతకుముందే అడగాల్సింది.

ఆవిడ చెప్పిన ఫిట్టర్ ఫోన్లో అడిగిన ప్రశ్నలకే నాకు ధైర్యం వచ్చింది. కారు నంబరు, టైరు పక్కన రాసి ఉన్న సైజు మొత్తం, చివరి 96హెచ్‌తో (ఎంత బరువు, ఎంత వేగం తట్టుకుంటుందో చెప్పే గుర్తు) సహా, కారు నిలిపిన చోటు చదునుగా ఉందా, లాకింగ్ నట్ (దొంగలు చక్రం విప్పకుండా వేసే నట్టు) తాళంచెవి ఉందా. ఆ తాళంచెవి లేకపోతే నట్టు విప్పడం పెద్ద పని, వెతికి చేతిలో పెట్టుకోండి అన్నారు. డిక్కీలో సీలెంట్ డబ్బా కింద దొరికింది. 118 పౌండ్లు, పని అయ్యాకే ఇవ్వండి అన్నారు. యాభై నిమిషాల్లో వచ్చారు.

వ్యాన్ వెనక తలుపు తీస్తే లోపల చిన్న వర్క్‌షాపే. కంప్రెసర్, టైరు విప్పే మెషీన్, బ్యాలెన్సింగ్ మెషీన్. మామయ్య లేచి దగ్గరికి వచ్చారు. ఆ ఫిట్టర్ కొత్త టైరు మీద నాలుగంకెల తేదీ చూపించి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం అని వివరిస్తుంటే మామయ్య వచ్చీరాని ఇంగ్లిష్‌లోనే ప్రశ్నలు అడుగుతున్నారు, ఆయన విసుక్కోకుండా జవాబు చెబుతున్నారు. కొత్త వాల్వ్ వేసి, బ్యాలెన్స్ చేసి, నట్లు టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచే రెంచ్) బిగించి, 50 మైళ్లు తిరిగాక ఒకసారి మళ్లీ చూపించుకోండి అన్నారు. పాత టైరు ఆయనే తీసుకెళ్లారు. మొత్తం నలభై నిమిషాలు. 118 అన్నారు, 118 తీసుకున్నారు, రసీదు ఇచ్చారు.

యార్క్ వెళ్లేవాళ్లకి నేను చెప్పేది, కారు ఉంటే కోటగోడ లోపల గది తీసుకోకండి. నడిబొడ్డు వీధుల్లోకి పగలు వాహనాలను రానివ్వరు, అక్కడ టైరు పోతే వ్యాన్ మీ దాకా రాలేదు. మేం బూతమ్ వీధి వైపు గోడ బయట ఉన్నాం కాబట్టి సరిపోయింది. రెండు గదులకి రాత్రికి 210 పౌండ్లు, పార్కింగ్‌కి ఇంకో 10, గదులు శుభ్రం, ఆవిడ మంచితనానికి అది తక్కువే. కాకపోతే ఆ వెనక సందులోకి పగటిపూటే తిప్పండి.

మూడున్నరకి మ్యూజియం చేరాం, ప్రవేశం ఉచితం, ఐదింటికి మూసేస్తారు. మామయ్య తిన్నగా మలార్డ్ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. 1938లో గంటకి 126 మైళ్లు పరుగెత్తిన ఆవిరి ఇంజను. ఆయన బాబుని పక్కన పెట్టుకుని, బొగ్గు ఎక్కడ వేస్తారో, ఆవిరి ఎటు వెళ్తుందో, ఇంత పెద్ద చక్రాలు ఎందుకో చెబుతూనే ఉన్నారు. జపాన్ బుల్లెట్ రైలు షింకన్‌సెన్ చూడ్డానికి పది నిమిషాలు కూడా మిగల్లేదు. బయటికి వస్తూ, "రేపు బయల్దేరే ముందు ఇంకోసారి వద్దామా అమ్మా?" అని నన్ను అడిగారు. మర్నాడు పది గంటలకి తలుపు తీసేసరికి మేం అక్కడే ఉన్నాం.