పంగాసియస్ మేతలో చెక్కలు: ఏళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పంగాసియస్ చేప వేసే రైతుకు పెట్టుబడిలో సగానికి పైగా మేతకే పోతుంది. ఫిష్‌మీల్ (ఎండు చేపల పిండి) ధర అందేది కాదు. అందుకే చేప కాస్త ఎదిగాక సోయా, వేరుశనగ, నువ్వులు, పత్తి చెక్కలకు (గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిప్పికి) తవుడు కలిపి మేత ఆడించుకుంటున్నాను. ఏళ్లుగా చూస్తున్నాను, సంచి మీద రాసిన ప్రొటీన్ శాతాన్ని నమ్ముకుంటే లాభం లేదు. చెక్క ఎంత తాజాది, దాన్ని దేంతో కలిపాం అన్నదే ముఖ్యం.

నా మేతకు ఆధారం సోయా చెక్క. ప్రొటీన్ 45 శాతం దాకా ఉంటుంది, చేప ఎదగడానికి కావాల్సిన అమైనో ఆమ్లాల్లో లైసిన్ కూడా బాగుంటుంది. మరో అమైనో ఆమ్లం మిథియోనిన్ మాత్రం తక్కువ. ఆ లోటు నువ్వుల చెక్క తీరుస్తుంది, అందుకే ఈ రెండూ జోడీగా వాడతాను. పచ్చి సోయా గింజలే పిండి పట్టించి వేయొచ్చు కదా అని అడుగుతుంటారు. వద్దండీ. ఉడకని సోయాలో ప్రొటీన్‌ను అరగనివ్వని పదార్థాలు ఉంటాయి, వేడి తగిలితేనే అవి పోతాయి.

చేప ఎగబడి తినేది వేరుశనగ చెక్క. వానాకాలంలో నాకు టెన్షన్ పెట్టేదీ అదే. కొనే ముందు సంచి అడుగు నుంచి ఒక ముక్క తీసి విరిచి చూస్తాను. లోపల ఆకుపచ్చ బూజు పొడిలా రాలినా, ముక్కిన వాసన వచ్చినా ఎంత చవకగా ఇచ్చినా తీసుకోను. బూజులోని అఫ్లాటాక్సిన్ చేప లివర్‌ను దెబ్బతీస్తుంది. ఎండబెట్టినా ఆ విషం పూర్తిగా పోదు.

పత్తి చెక్క చవకే కానీ అందులో గాసిపాల్ అనే హానికర పదార్థం ఉంటుంది. అది లైసిన్‌ను పట్టేసుకుని చేపకు అందనివ్వదు. పొట్టుతో ఆడిన చెక్క అయితే పీచు కూడా ఎక్కువే. మేతలో పదో వంతు దాటనివ్వను.

చెక్కల్లోని భాస్వరం చేపకు సరిగా అందదు కాబట్టి భాస్వరం ఇచ్చే డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) పొడి కలపడం తప్పనిసరి. ఆడించేది కూడా తేలే గుళికలు చేసే మిల్లులోనే. మునిగే మేత ఎంత తిన్నదో, ఎంత అడుగున కుళ్లుతోందో కనిపించదు. తేలే మేతకైతే చేప పైకొచ్చి తింటుంది. జోరు తగ్గగానే చల్లడం ఆపేస్తాను.

కంపెనీ మేతతో పోలిస్తే సైజు రావడానికి కొంచెం ఎక్కువ టైమ్ పడుతుంది, అయినా కిలో చేపకు అయ్యే మేత ఖర్చు తగ్గింది. చేప పిల్లలకు మాత్రం ఫిష్‌మీల్ ఉన్న మేతే వేస్తాను, అక్కడ పొదుపు చూడను. సోయా ధర మండిపోయిన నెలల్లో కంపెనీ మేతకే వెళ్తాను. ఆడింపు కూలి, బండి కిరాయి కలిపితే అప్పుడు మిగిలేదేమీ ఉండదు.