పాత కంప్యూటర్ బోర్డులు: గుత్తగా అమ్మాలా, ఏరి అమ్మాలా?

పాత కంప్యూటర్లు వదిలించుకునేవాళ్లు నా కొట్టుకొచ్చి అడిగేది ఒకటే: "ఏవండీ, క్యాబినెట్‌తో సహా కాటా వేసేయమంటారా, విప్పి ఏరమంటారా?" మొన్న పాలకొల్లులో మూతపడిన ఓ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ సరుకు, పద్నాలుగు సిస్టమ్‌లు, నా నెత్తినే పడ్డాయి. విప్పడానికే కూర్చున్నాను.

గుత్తగా ఇస్తే సుఖం. స్క్రూడ్రైవర్ పట్టక్కర్లేదు, మధ్యాహ్నానికల్లా గది ఖాళీ. ఒకటో రెండో సిస్టమ్‌లున్న ఇంటికి అదే మేలు. వాటి ర్యామంతా కలిపినా వంద గ్రాములు తూగదు, ఆపాటి దానికి గ్రేడు ధర, అంటే రకాన్ని బట్టి ఇచ్చే ధర, ఎవరూ కట్టరు.

పది దాటితే లెక్క వేరు. కలగాపులగం బస్తాకి కొనేవాడు అందులోని నాసిరకాన్ని చూసే ధర చెబుతాడు. మన స్వర్ణ వడ్లలో తాలు కలిపి కాటాకెక్కించినట్టే.

ఏరడంలో చాలామంది రంగు దగ్గర పొరబడతారు. పచ్చబోర్డు మేలా, నీలంబోర్డు మేలా అని అడుగుతారు. ఆ రంగు పైపూతే, దానికి ధర లేదు. గోధుమరంగును మాత్రం కాస్త నమ్మొచ్చు. అది కాగితానికి ఫినాలిక్ జిగురు పట్టించి నొక్కిన అట్ట, రాగిగీతలు చాలావరకు ఒక పక్కే ఉంటాయి. ఎస్‌ఎంపీఎస్‌లలో (క్యాబినెట్‌లో కరెంటు అందించే డబ్బాలు), పాత డబ్బా మానిటర్లలో ఎక్కువగా ఉండేది ఇదే. దాని విలువంతా ట్రాన్స్‌ఫార్మర్ రాగిలోనూ అల్యూమినియం రెక్కల్లోనూ ఉంటుంది.

నేను చూసేది బోర్డు అంచునున్న కాంటాక్టులు, అంటే స్లాట్‌లో దిగే లోహపు గీతలు. సిస్టమ్ ఆన్ కాకపోతే ర్యామ్ తీసి పెన్సిల్ రబ్బరుతో రుద్దని మెకానిక్ ఉండడు కదా, ఆ రబ్బరే గ్రేడు కూడా చెబుతుంది. మా కాలవగట్ల తేమకి, నరసాపురం వైపు ఉప్పుగాలికి అన్నీ మురికిపట్టి ఒకేలా కనిపిస్తాయి. రుద్దాక పసుపు తేలితే బంగారు పూత, తెల్లగా తేలితే తగరం. పాత 72 పిన్నుల ర్యామ్‌లో రెండు రకాలూ వస్తాయి, విడదీయాల్సిందే. పసుపు ర్యామ్‌ది మొదటి బస్తా. హార్డ్‌డిస్క్ అడుగున ఉండే అరచేతి బోర్డునీ చిన్నదే కదా అని మదర్‌బోర్డుల్లో పడేయకండి, దాని ధర వేరు.

ప్రాసెసర్లలో 486 అనే పాత తరం కాలపు సిరామిక్‌వి మేలు, తర్వాతొచ్చిన ఫైబర్‌వి వాటి ముందు దిగదుడుపే. 2004లో ఎల్‌జీఏ 775 అనే సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) వచ్చాక ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్ల పిన్నులు బోర్డు మీది సాకెట్‌లోకి మారాయి. బంగారు పూత ఉండేది ఆ పిన్నులకే, అందుకని ఆ సాకెట్ పీకొద్దు. మదర్‌బోర్డు నుంచి హీట్‌సింకూ (వేడి లాగే లోహపు దిమ్మ), లిథియం సెల్లూ తప్పక తీయండి. ఆ సెల్లు బస్తాలో నలిగితే నిప్పు పుడుతుంది. చిప్పులు మాత్రం ఉన్నచోటే ఉంచండి, పీకిన బోర్డు గ్రేడు పడిపోతుంది.

సీడీ డ్రైవులు, కీబోర్డులు నాసి బస్తాలోకి. అంతే.

ఆసిడ్ పోసి బంగారం తీద్దామనేవాళ్లూ ఉన్నారు, యూట్యూబ్ పుణ్యమా అని. ఆ పూత మందం సాధారణంగా ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కూడా ఉండదండీ. మీకు దక్కేది పొగ, మిగిలేది రాగీ సీసం కరిగిన ఆసిడ్. దాన్ని బోదెలో పారబోస్తే పొలానికో, చేపల చెరువుకో చేరుతుంది. ఆ మాటతో వస్తే నేను టీ కూడా ఇవ్వను. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం రీసైక్లరు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదై ఉండాలి. కొనేవాణ్ణి ధర కన్నా ముందు అది అడగండి.

ఆ పద్నాలుగింటికీ నాకు రెండు పూటలు పట్టింది. బోర్డులు నాలుగు బస్తాలయ్యాయి. ఖాళీ ఇనప క్యాబినెట్లు మటుకు వీధిలోకొచ్చిన పాతసామాన్ల బండికే వేసేశాను.