మైనస్ 50 లయోఫిలైజర్: కొన్నేళ్ళు వాడాక నా అభిప్రాయం

ముందే తేల్చి చెప్పేస్తాను. మా ల్యాబ్‌లో బెంచ్ మీద ఉన్న ఈ మైనస్ 50 ఫ్రీజ్ డ్రయర్ (శాంపిల్‌ని గడ్డకట్టించి, వాక్యూమ్‌లో ఎండబెట్టే లయోఫిలైజర్; మైనస్ 50 అంటే లోపలి కాయిల్ చల్లదనం, డిగ్రీల్లో) మంచి మెషీనే. నీళ్ళలో కరిగిన శాంపిళ్ళు మాత్రమే పెట్టేవాళ్ళు, రాత్రంతా ఏసీ నడిచే గది ఉన్నవాళ్ళు కళ్ళు మూసుకుని కొనుక్కోవచ్చు. హెచ్‌పీఎల్‌సీ ఫ్రాక్షన్లు (ఆర్గానిక్ సాల్వెంట్ కలిసి వచ్చే శాంపిళ్ళు), ఆల్కహాల్ వాసన పోని ఆకుల ఎక్స్‌ట్రాక్ట్‌లు కూడా ఇందులోనే ఎండాలంటే మాత్రం వద్దు. ఇంకో ఏడాది ఆగి, బడ్జెట్ పెంచుకుని మైనస్ 85 మోడల్‌కి వెళ్ళండి. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ తరగతి మెషీన్లన్నిటి గుణం దాదాపు ఒకటే, పైనున్న స్టిక్కరూ టచ్‌స్క్రీనూ మారతాయంతే.

మాది బయోమెటీరియల్స్ పని. కైటోసాన్, జెలటిన్ కలిపి, కణాలు పెరగడానికి వీలుగా రంధ్రాలుండే స్కాఫోల్డ్‌లు తయారు చేస్తాం. వాటితో పాటు అప్పుడప్పుడు ప్రొటీన్లు, పక్క ల్యాబ్ వాళ్ళ పెప్టైడ్లు, కింది అంతస్తు వాళ్ళ తిప్పతీగ, ఉసిరి ఎక్స్‌ట్రాక్ట్‌లు. డిపార్ట్‌మెంట్ మొత్తానికి ఒక్కటే లయో ఉంటే దాని గతి ఇంతే. మెషీన్ ఒకరి గదిలో, ఫ్లాస్కులు ఊరందరివీ. కాబట్టి ఇది ఎన్ని రకాల చేతుల్లో నలిగిందో నేను దగ్గరుండి చూశాను.

సూత్రం చిన్నదే. 6.11 మిల్లీబార్ల కంటే తక్కువ పీడనంలో నీరు ద్రవంగా నిలవలేదు, మంచు కరగకుండా నేరుగా ఆవిరవుతుంది. స్కూల్లో కర్పూరం చూపించి చెప్పిన ఉత్పతనమే. కొత్తగా చేరిన స్కాలర్లు మాత్రం నీళ్ళన్నీ వాక్యూమ్ పంపే లాగేస్తుందనుకుంటారు. పంపు పని గాలిని తీసేయడం వరకే. నీటి ఆవిరిని పట్టుకునేది కండెన్సర్, అంటే ఆవిరి మంచుగా పేరుకునే చల్లటి కాయిల్. ఫ్లాస్కులో మంచు మైనస్ 20 దగ్గర ఉంటే దాని ఆవిరి పీడనం సుమారు 1 మిల్లీబార్. మైనస్ 50 కాయిల్ మీద పేరుకున్న మంచుది 0.04. ఈ తేడాయే ఆవిరిని ఇటునుంచి అటు నడిపిస్తుంది. ఈ రెండు అంకెలు గుర్తుంటే మెషీన్ ఎందుకు అలిగిందో చాలాసార్లు సర్వీస్ వాళ్ళని పిలవకుండానే తెలిసిపోతుంది.

ఇక ఫ్రీజింగ్. మెషీన్ మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు దీనివల్లే వస్తాయి. ఫ్లాస్కులో ద్రావణం పోసి నిటారుగా డీప్ ఫ్రీజర్‌లో పెట్టేస్తే అడుగున మందపాటి గడ్డ తయారవుతుంది. పై పొర ఎండాక, కింది నుంచి వచ్చే ఆవిరి ఆ ఎండిన పొరలోంచే దూరి రావాలి. అందుకే మందం రెట్టింపైతే పట్టే టైము రెట్టింపు కాదు, దాదాపు నాలుగు రెట్లు. డ్రై ఐస్, ఇథనాల్ బాత్‌లో ఫ్లాస్కుని వంచి తిప్పుతూ, లోపలి గోడకి పలచగా పట్టేలా ఫ్రీజ్ చేస్తే అదే శాంపిల్ సాయంత్రం పెడితే పొద్దున్నకి అయిపోతుంది. ఫ్లాస్కులో మూడో వంతు మించి పోయకూడదు. నీరు గడ్డకట్టేటప్పుడు 9 శాతం దాకా ఉబ్బుతుంది. అడుగున నిండుగా పోసిన ఫ్లాస్కులు పగిలేది అప్పుడే.

మా స్కాఫోల్డ్‌లకైతే ఫ్రీజింగే సర్వస్వం. ఎండాక మిగిలే రంధ్రాలంటే అంతకుముందు మంచు స్ఫటికాలు ఉన్న ఖాళీలే. మామూలు మైనస్ 20 ఫ్రీజర్‌లో నెమ్మదిగా గడ్డకట్టిస్తే స్ఫటికాలు పెద్దవవుతాయి, రంధ్రాలూ పెద్దవే, ఎండటం కూడా తొందరగానే అవుతుంది. లిక్విడ్ నైట్రోజన్‌తో ఫ్రీజ్ చేస్తే అన్నీ సన్నటివి, ఆవిరికి బయటికి దారి దొరకదు, టైము పెరుగుతుంది. ఒకే బీకరులో కలిపిన ద్రావణం ఈ రెండు దారుల్లో వెళ్ళాక ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టండి, రెండు వేరే పదార్థాలని ఎవరైనా అంటారు. కణాలు లోపలిదాకా పాకాలంటే మాకు పెద్ద రంధ్రాలే కావాలి. కాబట్టి నైట్రోజన్ మానేసి మైనస్ 20కే వచ్చాం. దీనికీ ఒక పేచీ ఉంది. శుభ్రమైన ద్రావణం సున్నా దగ్గర గడ్డకట్టదు. కొన్నిసార్లు మైనస్ 10, ఇంకా కింద దాకా ద్రవంగానే ఉండి, ఉన్నట్టుండి ఒక్కసారిగా గడ్డకడుతుంది. ఒకే ట్రేలో పక్కపక్కన ఉన్న వయల్స్ వేర్వేరు ఉష్ణోగ్రతల్లో గడ్డకడితే వాటి రంధ్రాలూ వేర్వేరుగా వస్తాయి. ఇది మెషీన్ తప్పు కాదు, ఏ మెషీన్ కొన్నా ఉండేదే.

లిక్విడ్ నైట్రోజన్ అంటే మైనస్ 196 కదా, ముంచగానే గడ్డకట్టేస్తుందని అందరి నమ్మకం. పెద్ద ఫ్లాస్కు విషయంలో అంత తొందరేం ఉండదు. గాజు చుట్టూ నైట్రోజన్ ఆవిరి పొర ఏర్పడి చల్లదనాన్ని లోపలికి పోనివ్వదు. అదీగాక ఒక లీటరు నైట్రోజన్ ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువు అవుతుంది. కిటికీలు మూసిన చిన్న ఏసీ గదిలో క్యాన్ వంచి పోసేవాళ్ళని చూస్తే నాకిప్పటికీ టెన్షనే.

ఏం ఫ్రీజ్ చేస్తున్నామన్నది కూడా అంతే ముఖ్యం. సోడియం ఫాస్ఫేట్ బఫర్‌లో (పీహెచ్ మారకుండా చూసే ద్రావణంలో) ప్రొటీన్ పెట్టి లయో చేశాక యాక్టివిటీ పోయిందని వచ్చేవాళ్ళు తరచూ తగులుతారు. గడ్డకట్టేటప్పుడు డైసోడియం ఫాస్ఫేట్ ముందు స్ఫటికమై విడిపోతుంది, మిగిలిన ద్రవంలో పీహెచ్ 7 నుంచి 4 దాకా కూడా జారిపోవచ్చు. ప్రొటీన్ చచ్చేది అక్కడ, నింద పడేది మెషీన్ మీద. ఉప్పు ఎక్కువున్న శాంపిళ్ళు ఇంకో రకం. ఉప్పునీరు మైనస్ 21 దాకా పూర్తిగా గడ్డకట్టదు. దానికంటే వేడెక్కితే లోపల ద్రవం పుట్టి, వాక్యూమ్‌లో బుసబుసమని పొంగి మానిఫోల్డ్ (ఫ్లాస్కులు తగిలించే గొట్టాల చట్రం) అంతా చిమ్ముతుంది. సుక్రోజ్ కలిపితే మైనస్ 32కి పైన, ట్రెహలోజ్ అయితే మైనస్ 30కి పైన కేక్, అంటే ఎండుతున్న ముద్ద, కూలిపోయే ప్రమాదం. ఉసిరి, తిప్పతీగ ఎక్స్‌ట్రాక్ట్‌లలో రకరకాల చక్కెరలుంటాయి, అవి ఇంకా మొండివి. తెల్లటి పొడి వస్తుందని పొద్దున్నే ఆశగా వచ్చిన అమ్మాయికి ఫ్లాస్కు అడుగున గోధుమరంగు జిగురు పాకం కనిపిస్తే ఆ మొహం చూడలేం. మానిఫోల్డ్ మీద వేలాడే ఫ్లాస్కుకి గది వేడే ఆధారం, ఆ వేడిని తగ్గించడానికీ పెంచడానికీ మీట ఏదీ లేదు. ఈ మెషీన్‌లో నాకు నిజంగా నచ్చని విషయం ఇదే. హైదరాబాద్ శివార్లలో శామీర్‌పేట దాటాక జీనోమ్ వ్యాలీలో ఉండేలాంటి టీకాల ప్లాంట్లలో షెల్ఫుల ఉష్ణోగ్రతని డిగ్రీ డిగ్రీగా నడిపిస్తారు, లోపలే రబ్బరు మూతలు బిగిస్తారు. తట్టు-రుబెల్లా టీకా పొడిగా వచ్చి, వేసేముందు నీళ్ళు కలుపుకునేలా ఉండటం ఆ అదుపు వల్లే. మన బెంచ్ మెషీన్ నుంచి అది ఆశించకూడదు.

పంపు సంగతికొస్తాను. కొనేటప్పుడు అందరూ కండెన్సర్ ఎన్ని లీటర్లు పడుతుందో అడుగుతారు, పంపు గురించి ఎవరూ అడగరు. మాకు వచ్చింది మామూలు రెండంచెల ఆయిల్ పంపు. నీటి శాంపిళ్ళకి ఇప్పటికీ బ్రహ్మాండంగా నడుస్తోంది. దీన్ని తినేసేది పెప్టైడ్ వాళ్ళు తెచ్చే ఫ్రాక్షన్లు. అందులో అసిటోనైట్రైల్ అనే సాల్వెంట్ ఉంటుంది, కొద్దిగా టీఎఫ్‌ఏ (ట్రైఫ్లోరోఅసిటిక్ ఆమ్లం) ఉంటుంది. అసిటోనైట్రైల్ గడ్డకట్టేదే మైనస్ 45 దగ్గర. మన కాయిల్ మైనస్ 50 దాటదు, ఆ కొద్ది డిగ్రీల తేడాకి అది గడ్డకట్టినా వాక్యూమ్‌లో మళ్ళీ ఆవిరైపోతుంది. ఇక దాన్ని పట్టి ఉంచేదెవరు? నేరుగా పంపులోకి పోయి ఆయిల్‌ని పలచన చేస్తుంది. టీఎఫ్‌ఏ కూడా దాని వెంటే వెళ్ళి లోహాన్ని కొరుకుతుంది, దారిలో నైట్రైల్ రబ్బరు ఓ-రింగులని గట్టిపరిచి పగలగొడుతుంది. అందుకే రోటావేపర్ (ఫ్లాస్కుని తిప్పుతూ సాల్వెంట్‌ని ఆవిరి చేసే పరికరం) మీద ఆర్గానిక్ సాల్వెంట్ తీసేయకుండా ఫ్లాస్కు తగిలించకూడదని తలుపుకి కాగితం అంటించాం. కాగితం ఉంది, పాటించేవాళ్ళే తక్కువ.

ఆయిల్ తెల్లగా పాలలా మారితే నీరు చేరినట్టు, నల్లబడితే మార్చాల్సిందే. రన్‌కి ముందు పంపుని గ్యాస్ బల్లాస్ట్ (పంపులోకి కొద్దిగా గాలి వదిలే వాల్వు) తెరిచి అరగంట వేడెక్కనివ్వడం, రన్ అయ్యాక ఇంకో అరగంట నడపడం, ఈ రెండూ చేస్తే ఆయిల్ చాలాకాలం వస్తుంది. ఆయిల్ మిస్ట్ ఫిల్టర్ కొత్తలో లేదు, తర్వాత కొన్నాం. అది లేని రోజుల్లో గది గోడలకి కూడా నూనె వాసనే. ఓ-రింగులు కంపెనీ ధరకి తెప్పించడం దండగ. పాతది చేత్తో పట్టుకుని సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్తే అదే సైజులో వైటాన్ అనే రబ్బరువి దొరుకుతాయి. నైట్రైల్ వాటికంటే ఖరీదే అయినా ఆమ్లం ఆవిరికి అవే తట్టుకుంటాయి.

హైదరాబాద్‌లో ఈ మెషీన్‌కి అసలు పరీక్ష ఏప్రిల్, మే నెలలు. కంప్రెసర్ తన వేడిని గదిలోకే వదులుతుంది, గది చల్లగా ఉంటేనే కాయిల్ చల్లగా ఉంటుంది. ఆఫీసు టైము అయ్యాక సెంట్రల్ ఏసీ ఆపేసే బిల్డింగుల్లో, బయట 42 డిగ్రీలున్న రోజున, రాత్రికి కాయిల్ మైనస్ 50 నుంచి మైనస్ 40కి జారుతుంది. పది డిగ్రీలేగా అనిపిస్తుంది. కానీ మైనస్ 40 మంచు ఆవిరి పీడనం 0.13 మిల్లీబార్, అంటే మూడు రెట్లకి పైమాటే. వాక్యూమ్ అక్కడే ఆగిపోతుంది, రీడింగ్ ఎంతసేపు చూసినా కిందికి దిగదు. కంప్లయింట్ పెడితే వచ్చిన ఇంజనీరు మెషీన్ చుట్టూ ఓసారి తిరిగి, "సర్, మెషీన్‌ది ఏం ప్రాబ్లం లేదు సర్, రూమ్‌ల వేడి ఎక్కువుంది" అని సంతకం పెట్టించుకుని వెళ్ళాడు. మాట నిజమే. కానీ క్వొటేషన్‌లో మైనస్ 50 అని పెద్ద అక్షరాలతో రాసినవాళ్ళు అది ఎంత గది వేడికో చిన్న అక్షరాలతోనైనా రాయాలి కదా. మేం చివరికి ఆ గదికి విడిగా స్ప్లిట్ ఏసీ పెట్టించి, మెషీన్‌ని గోడకి దూరం జరిపి, వెనక రేడియేటర్ ఫిన్‌ల మీది దుమ్ము బ్రష్‌తో దులపడం అలవాటు చేసుకున్నాం. ఈ దుమ్ము దులిపే పని పైసా ఖర్చు లేకుండా కొన్ని డిగ్రీలు తెచ్చిపెడుతుంది. ఎవరూ చెయ్యరు.

కరెంటు పోవడం ఇంకో కథ. జనరేటర్ కొన్ని సెకన్లలోనే అందుకుంటుంది కానీ, ఆగిన కంప్రెసర్ వెంటనే మళ్ళీ స్టార్ట్ కాలేదు, లోపల గ్యాస్ ఒత్తిడి దిగడానికి కొన్ని నిమిషాలు కావాలి. మా మోడల్ ఆ కాసేపు ఆగకుండా వెంటనే ప్రయత్నించి ట్రిప్ అవుతుంది. పంపు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. తెల్లారేసరికి కాయిల్ మీది మంచంతా నీళ్ళై డబ్బా అడుగున, ఫ్లాస్కుల్లో శాంపిళ్ళు కరిగి ఉంటాయి. టైమ్ డిలే ఉన్న స్టెబిలైజర్ పెట్టాక ఈ బాధ తప్పింది. కరెంటు పోయినప్పుడు పంపు ఆయిల్ వెనక్కి కాయిల్ ఉన్న డబ్బాలోకి పాకకుండా ఆపే వాల్వు ఉందో లేదో కూడా కొనేముందే అడగాలి. మాదాంట్లో ఉంది, దానికి మార్కులు ఇవ్వాల్సిందే.

వానాకాలంలో ఎండటానికి ఇబ్బంది లేదు, ఎండిన తర్వాతే. ఫ్లాస్కు విప్పి బయటి గాలి లోపలికి వదిలితే ఆ తడి గాలిని పొడి క్షణాల్లో పీల్చేసుకుంటుంది. వాక్యూమ్‌ని నైట్రోజన్ గ్యాస్‌తో గానీ, కనీసం సిలికా జెల్ గొట్టం మీదుగా వచ్చే గాలితో గానీ విడవాలి. ఎండటం అయిందో లేదో చూడటానికి నా పద్ధతి రెండు మెట్లు. ముందు ఫ్లాస్కు బయటి గోడని చేత్తో పట్టుకుంటాను, ఎక్కడైనా చల్లగా తగిలిందంటే లోపల ఇంకా మంచు ఉంది. చల్లదనం పూర్తిగా పోయాక కూడా తొందరపడను. గది వేడిలో ఇంకొన్ని గంటలు వాక్యూమ్ మీదే ఉంచితే అణువులకి అంటిపెట్టుకున్న తేమ కొంతైనా వదులుతుంది. ఈ రెండో భాగాన్ని క్యూలో నిలబడ్డవాళ్ళు ఎప్పుడూ వదిలేస్తారు, తర్వాత పొడి ముద్దకట్టిందని అంటారు. డిస్‌ప్లేలో వాక్యూమ్ అంకెని అక్షరాలా నమ్మకండి. మాది పిరానీ గేజ్, వాయువు వేడిని మోసుకెళ్ళే తీరుని బట్టి పీడనం చెప్పేది. నీటి ఆవిరి నిండి ఉన్నప్పుడు అది అసలు పీడనం కంటే ఒకటిన్నర రెట్లకి పైగా ఎక్కువ చూపిస్తుంది, ఆవిరి తగ్గేకొద్దీ అంకె తనంతట తనే పడిపోతుంది. ఆ పడిపోవడమే చాలావరకు ఎండినట్టు గుర్తు.

టచ్‌స్క్రీన్ గురించి రాయడానికి ఏం లేదు. గ్లవ్స్‌తో పనిచేయదు. యూఎస్‌బీలో డేటా వస్తుంది, ఎవరూ చూడరు.

ఏఎంసీ (ఏటా కట్టే సర్వీస్ ఒప్పందం) తీసుకోవాలా అని అడుగుతుంటారు. కంప్రెసర్, గ్యాస్ చార్జింగ్ అందులో కవర్ అయితేనే తీసుకోండి. ఆయిల్ మార్చడానికీ గేజ్ తుడవడానికీ డబ్బు కట్టడం అనవసరం, ఆ పని ఒక మధ్యాహ్నం నేర్పితే ఎమ్మెస్సీ ప్రాజెక్టు పిల్లలే చేసేస్తారు.

కొనడానికి ఇండెంట్ పెట్టేముందు డెమో అడగండి. నీళ్ళు పోసిన ఫ్లాస్కుతో డెమో చూపిస్తామంటే ఒప్పుకోకండి, మీరు రోజూ పెట్టే శాంపిలే ఇవ్వండి. వీలైతే ఆ డెమో మే నెలలో, సాయంత్రం ఏసీ ఆపేశాక, మీ గదిలోనే పెట్టించండి.