సూళ్లూరుపేట నుంచి వండలూరు జూకి లోకల్ బండ్లలోనే

అమ్మ చిన్నప్పుడు చూసిన మెడ్రాసు జూ సెంట్రల్ స్టేషన్ పక్కనే, మూర్ మార్కెట్ దగ్గర ఉండేది. "బండి దిగి నాలుగడుగులేస్తే సింహం అరుపు వినపడేదే" అంటుంది. 1855లో మ్యూజియం ఆవరణలో ఎడ్వర్డ్ బాల్ఫోర్ మొదలుపెట్టిన ఆ జూ తర్వాత సెంట్రల్ పక్కనున్న పీపుల్స్ పార్కుకి, 1985లో అక్కణ్ణించి ముప్పై కిలోమీటర్ల అవతల వండలూరుకి మారింది. మోకాళ్ల నొప్పులున్న మనిషిని అంత దూరం ఎలా తీసుకెళ్లాలని నాకు టెన్షన్. కారు మాట్లాడతానంటే అమ్మ వద్దంది, రైలే కావాలంది. ఆమె మాటే మంచిదైంది.

మన వైపు నుంచి వెళ్లేవాళ్లకి బస్సు నేను చెప్పను. ఆంధ్రా బస్సులు ఆగే మాధవరం చెన్నైకి ఉత్తరాన ఉంది, జూ దక్షిణాన. ఊరంతా దాటుకుని పోవాలి. అదే సూళ్లూరుపేట లోకల్ ఎక్కితే నేరుగా సెంట్రల్ పక్కన లోకల్ బండ్లు ఆగే మూర్ మార్కెట్ కాంప్లెక్స్‌లో దిగుతాం. రోడ్డు అవతలికి పోతే పార్క్ స్టేషన్, అక్కడ తాంబరం వైపు బండి.

అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. వచ్చే బండ్లలో ఎక్కువ భాగం తాంబరంతోనే ఆగిపోతాయి. వండలూరు దాని తర్వాత రెండో స్టేషన్, పెరుంగళత్తూరు దాటాక. నేను బోర్డు చూడకుండా ఎక్కించేశాను. మాంబళం దగ్గర పూలబుట్టతో ఎక్కిన ఒకావిడ మా మాటలు విని తెలుగులోనే చెప్పింది, "ఇది తాంబరం దాకేనమ్మా, మీరు చెంగల్పట్టు బండి ఎక్కాల." తాంబరంలో దిగి, మెట్లెక్కి ప్లాట్‌ఫారం మారి, మళ్లీ నిలబడ్డాం. ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి, కమ్మీని రెండు చేతులా పట్టుకుని ఎక్కింది అమ్మ. ఆ మెట్లు నా పొరపాటు వల్ల ఎక్కాల్సి వచ్చినవే. ముసలివాళ్లతో వెళ్తే అరగంట ఆగినా సరే, చెంగల్పట్టు బండే ఎక్కండి.

వండలూరు స్టేషన్ నుంచి జూ దగ్గరే, కాకపోతే మధ్యలో జీఎస్టీ రోడ్డు, అంటే గ్రాండ్ సదరన్ ట్రంక్ రోడ్డనే పెద్ద హైవే. లారీలు, బస్సులు ఆగకుండా వస్తుంటాయి. పిల్లల చేతులు వదలొద్దు.

లోపల 602 హెక్టార్లు. నడిచి చూసేస్తామనుకోవద్దు. మేం టికెట్‌తో పాటే బ్యాటరీ బండికీ తీసుకున్నాం. కాళ్లు బాగున్నవాళ్లకి అద్దె సైకిళ్లున్నాయి. బండి తిరిగిన చోట్లన్నీ ఒకెత్తు, నీటిగుర్రం దగ్గర నిలబడిన పది నిమిషాలు ఒకెత్తు. నీళ్లలోంచి ముందు రెండు చెవులు లేచాయి, టపటపా ఆడి తుంపర్లు విదిల్చాయి. తర్వాత కళ్లు, ముక్కు. ఒళ్లు మాత్రం పైకి రాలేదు. "దీన్నప్పుడు చూళ్లేదే" అంది అమ్మ, చూపు తిప్పకుండా. మంగళవారం సెలవు. మేం బుధవారం వెళ్లాం, జనం పల్చగా ఉన్నారు. ప్లాస్టిక్ కవర్లు పట్టుకెళ్లకండి, లోపలికి రానివ్వరు.

బస విషయంలో మాత్రం తప్పు చేశాను. ముందు రోజు సాయంత్రమే వచ్చి, చవకని సెంట్రల్ దగ్గర ఒక లాడ్జిలో దిగాం. మూడో అంతస్తులో గది, లిఫ్ట్ పనిచేయదు, ఆ సంగతి డబ్బు కట్టాక చెప్పారు. తర్వాత మా చెల్లెలి పిల్లలతో వెళ్లినప్పుడు తాంబరంలో దిగాను. గది అద్దె కొంచెం ఎక్కువే, కానీ పొద్దున రెండు స్టేషన్లలో జూ ముందున్నాం. జూకే వెళ్లేవాళ్లు తాంబరంలోనే ఉండండి.

తిరుగు ప్రయాణానికి సూళ్లూరుపేట బండి టైము ముందే చూసుకోండి. అదే దారిలో గుమ్మిడిపూండి దాకా పోయే బండ్లంత తరచుగా ఉండవు. మేం గంటకు పైగా మూర్ మార్కెట్ కాంప్లెక్స్‌లో కూర్చున్నాం. అమ్మ బెంచీ మీద కాళ్లు చాపుకుని, ప్లాట్‌ఫారాలన్నీ ఒకసారి కలయజూసి అడిగింది, "ఇక్కడెక్కడో కదే, ఆ సింహం ఉండింది?"