పిట్స్‌బర్గ్‌లో నాలుగు రోజులు: ఉండగలమా అని చూసొచ్చాం

ఇన్నేళ్లూ మాకు పిట్స్‌బర్గ్ అంటే వెంకన్న గుడే. న్యూజెర్సీ నుంచి ఆరు గంటలు కారు నడపడం, పెన్ హిల్స్ కొండమీద దర్శనం, కింద పులిహోర, తెల్లారి తిరుగుముఖం. 1977లో కుంభాభిషేకం జరిగిన ఆ గుడి దాటి ఊళ్లోకి వెళ్లిందే లేదు. ఈసారి మా ఆవిడకి అక్కడ ఉద్యోగం మాట రావడంతో నాలుగు రోజులు ఉండి చూశాం.

బస సౌత్ సైడ్ స్లోప్స్‌లో, ఒకప్పటి ఉక్కు మిల్లు కార్మికుల పేటలో. పేరులోనే స్లోప్స్ అని ఉంది, మేమే పట్టించుకోలేదు. 'రోడ్డు నుంచి కొన్ని మెట్లు' అని రాశారు ప్రకటనలో. లెక్కపెట్టాను, అరవై ఒకటి. రెండు సూట్‌కేసులు పైకి చేర్చేసరికి అలిపిరి గుర్తొచ్చింది. ఊరంతా అంతేనట, వీధుల బదులు మెట్ల దారులే 700కు పైగా ఉన్నాయి. పొద్దున కిటికీలోంచి మొనాంగహేలా నది మీద మంచు చూశాక కోపం సగం తగ్గింది.

అన్నిటికన్నా నచ్చింది కారీ ఫర్నేసెస్. 1907 నాటి రెండు బ్లాస్ట్ ఫర్నేసులు (ఖనిజం కరిగించి ఇనుము తీసే పెద్ద కొలిములు), 92 అడుగుల ఎత్తు, తుప్పు పట్టినవి పట్టినట్టే ఉంచారు. మా నాన్నది విశాఖ స్టీల్‌లో ఉద్యోగం. అక్కడి ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. ఇక్కడా ఆడపిల్ల పేరే, కారీ! కరిగిన ఇనుము పారిన కాలవల పక్కన నిలబడితే, నైట్ షిఫ్ట్ నుంచి వచ్చిన నాన్న చొక్కా వాసన తగిలినట్టయింది. ఆ ఇనుము నది దాటి హోమ్‌స్టెడ్ మిల్లుకి వెళ్లేది. 1892 సమ్మెలో నెత్తురు చిందిన ఆ మిల్లు 1986లో మూతపడింది. ఇప్పుడక్కడ షాపింగ్ సెంటర్, దాని పక్కన వరుసగా పన్నెండు పొగగొట్టాలు. ఫోటోకి బాగుంటాయి, అంతే.

1870 నాటి మొనాంగహేలా ఇంక్లైన్, అంటే కొండ వాలు మీద తాడుతో లాగే రైలుపెట్టె, టూరిస్టుల కోసమే అనుకున్నాను. తీరా చూస్తే పైన ఉండేవాళ్లు సరుకుల సంచులతో ఎక్కుతున్నారు. డౌన్‌టౌన్‌లో లైట్ రైలు ఉచితం. పేటల్లోకి వెళ్లాలంటే మాత్రం కారు ఉండాల్సిందే.

1950లో 6.76 లక్షల జనం ఉన్న ఊళ్లో 2020 నాటికి మిగిలింది 3 లక్షల చిల్లర. ఉక్కు కంపెనీ కట్టిన 64 అంతస్తుల భవనం నెత్తిన ఇప్పుడు ఆసుపత్రుల సంస్థ పేరు. ఉద్యోగాలు ఎటు మళ్లాయో చెప్పడానికి అదొక్కటి చాలు. న్యూజెర్సీలో మేం కడుతున్న అద్దెకి ఇక్కడ ఇంకో పడకగది, పెరడు వస్తాయి. ఎండ మాత్రం నాలుగు రోజుల్లో ఒక్క పూటే కనిపించింది. లోయలో ఇంకా నడుస్తున్న మిల్లులున్నాయి. గాలి కదలని ఒక పొద్దున కుళ్లిన కోడిగుడ్డు వాసన ఇంట్లోకే వచ్చింది. పిల్లలున్నవాళ్లు ఇల్లు ఖాయం చేసుకునే ముందు ఓ పొద్దున్నే ఆ పేటకి వెళ్లి చూసుకోవాలి.

ఇంటర్వ్యూ ఫలితం ఇంకా రాలేదు. మా ఆవిడ మాత్రం ఇళ్ల సైట్లు చూడటం మొదలెట్టింది. ధర తర్వాత, ముందు వీధి గుమ్మం ఫోటో తెరిచి మెట్లు లెక్కపెడుతోంది.